తెవికీలో అతికింపు అసైన్‌మెంట్లు ఆపండి: కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, అధ్యాపకులకు

నమస్కారం.

నేను తెలుగు వికీపీడియాలో (తెవికీలో) రాసే, దిద్దే వాడుకరుల్లో ఒకణ్ణి. బతుకుతెరువు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తీరిక దొరికినప్పుడు కంప్యూటర్ సైన్స్ వ్యాసాలను వీక్షణ జాబితాలో పెట్టుకుని చూస్తూ ఉంటాను. కొంతకాలంగా సెమిస్టర్ ముగిసే రోజుల్లో పరిణామ అల్గారిథంలు (జీవ పరిణామం తరహాలో ఎంపిక, మార్పులతో పరిష్కారాలను మెరుగుపరుస్తూ పోయే పద్ధతులు), వాటిలో ఒకటైన జెనెటిక్ అల్గారిథం, స్వార్మ్ ఇంటెలిజెన్స్ (చీమలు, పక్షుల గుంపుల తీరులో వెతికే పద్ధతులు) లాంటి అంశాల మీద గంపగుత్తగా పాఠ్యం వచ్చి పడుతోంది. అన్నీ అదే రోజు తెరిచిన ఖాతాలు. శీర్షికలన్నీ ఒకే మూసలో ఉంటాయి. పేజీ అడుగున మూలాలు ఉండవు. చదివి చూస్తే అందులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచో ఎత్తి తెచ్చినదే.

ఆ విద్యార్థుల చర్చా పేజీల్లో సందేశాలు పెట్టాం. తెవికీ ఉమ్మడి చర్చా వేదిక అయిన రచ్చబండలో చర్చించాం. ఒక సందర్భంలో ఇది ఏ కాలేజీ అసైన్‌మెంటో విద్యార్థులే చెప్పారు కాబట్టి ఆ విభాగానికి మెయిలు రాశాం. జవాబు లేదు. ఫోన్లో దొరికినవారు "అది స్టూడెంట్ యాక్టివిటీ అండీ, ఫ్యాకల్టీకి సంబంధం లేదు" అని పెట్టేశారు. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క కాలేజీని నలుగురిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, పైగా ఇది ఒక్క చోట జరిగే పని కూడా కాదు. విడివిడిగా అడిగితే ఎవరూ పలకనందువల్ల అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

మీ విద్యార్థులు తెలుగులో రాయడం మాకు చాలా అవసరం. 2003 డిసెంబరులో మొదలైన తెవికీలో ఇవాళ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఊళ్ళ గురించి, సినిమాల గురించి, వ్యక్తుల గురించి బాగానే ఉంది. కంప్యూటర్ సైన్స్ దగ్గరికొచ్చేసరికి చాలావరకు మొలకలే, అంటే రెండు మూడు వాక్యాలతో ఆగిపోయినవే. కాబట్టి మీ పిల్లలు రావాలి. అయితే వాళ్ళు తెస్తున్నది వాళ్ళు రాసినదై ఉండాలి.

కాపీ అని మీరెలా చెబుతున్నారని అడగవచ్చు. అడగాలి కూడా. ఒక ఉదాహరణ చూపిస్తాను.

జెనెటిక్ అల్గారిథంలో క్రాసోవర్ (రెండు పరిష్కారాల ముక్కలు మార్చి కొత్తవి పుట్టించడం) ఎలా జరుగుతుందో చెప్పే పేరా ఒకటి వచ్చింది. తల్లిదండ్రులుగా రెండు వరసలు తీసుకున్నారు: 11010011, 00101110. ఐదో అంకె తర్వాత కోసి, చివరి మూడు అంకెలను ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిస్తే పిల్లలుగా 11010110, 00101011 రావాలి. వచ్చిన పాఠ్యంలో రెండో పిల్ల 00101010 అని ఉంది. ఈ రెండు వరసల నుంచి ఒక్క కోతతో అది పుట్టదు. ఆరో అంకె మొదటి వరస నుంచి, ఎనిమిదో అంకె రెండో వరస నుంచి రావాల్సి వస్తుంది. కాగితం మీద ఒక్కసారి వేసి చూసిన విద్యార్థికైనా అది తెలిసిపోతుంది. ఇదే ఉదాహరణ, ఇదే కోత, ఇదే తప్పు అంకె అంతకు చాలా ముందు నుంచే నెట్‌లో ఉన్న ఒక లెక్చర్ నోట్స్ పీడీఎఫ్‌లో ఉన్నాయి. ఇద్దరు విడివిడిగా లెక్క చేస్తే ఒప్పు ఒకలాగే రావడంలో వింత లేదు. తప్పు కూడా అంకెతో సహా ఒకలాగే వచ్చిందంటే ఒకరిది చూసి ఇంకొకరు దించారన్నమాట.

మిగతా ఆనవాళ్ళు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. పేజీలో బొమ్మే లేకపోయినా "పటం 3.2 చూడండి" అని ఉంటుంది. విజ్ఞాన సర్వస్వంలో "ఈ అధ్యాయంలో మనం నేర్చుకున్నాం" అని ఉంటుంది. "మేము ప్రతిపాదిస్తున్న పద్ధతి ఇతర పద్ధతుల కన్నా మెరుగైనది" అని ఉంటుంది. ఆ "మేము" ఎవరో పేజీలో ఎక్కడా కనబడదు. వాక్యం మధ్యలో చదరపు బ్రాకెట్లో 14 అని ఉంటుంది, ఆ పద్నాలుగో మూలం మాత్రం ఎక్కడా ఉండదు. సూత్రాల్లో కింద ఉండాల్సిన అంకెలు మామూలు అంకెలైపోయి, ఎక్స్ ఒకటి అన్నది ఎక్స్ ఇంటూ ఒకటిలా కనిపిస్తుంది. పీడీఎఫ్ నుంచి తెచ్చి అతికిస్తే అచ్చం ఇలాగే అవుతుంది. రెండు పేరాలు కష్టపడి రాసినట్టు తడబడుతూ సాగి, మూడో పేరా ఉన్నట్టుండి పండితుడి భాషలోకి మారిపోతుంది.

దీనివల్ల ఎవరికి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. మొదట నష్టపోయేది తెలుగు మీడియంలో చదివి డిప్లొమాకో బీటెక్‌కో వచ్చిన విద్యార్థి. ప్రాంతీయ భాషల్లో బీటెక్ చెప్పడానికి ఏఐసీటీఈ 2021లో అనుమతి ఇచ్చింది, ఆ భాషల్లో తెలుగు ఒకటి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం మింగుడుపడని పిల్లవాడు తెలుగులో వెతికితే ముందుగా కనిపించే వాటిలో వికీపీడియా ఒకటి. అక్కడ పైన చెప్పిన తప్పు క్రాసోవర్ ఉంటే, లెక్క తనకే రావడం లేదనుకుంటాడు తప్ప పేజీలో తప్పుందని అనుకోడు. మళ్ళీ మళ్ళీ వేసి చూసి, చివరికి ఆ టాపిక్ వదిలేస్తాడు. దారి చూపడానికి పక్కన ఎవరూ లేని పిల్లలకు ఆ పేజీయే మాస్టారు.

2. రెండో దెబ్బ ఎవరి రాతలు ఎత్తుకొచ్చారో ఆ రచయితలకు. దీని గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది: ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి మారిస్తే అది మన సొంతమైపోతుందని. కాదు. 1957 నాటి భారత కాపీరైటు చట్టం 14వ సెక్షన్ ప్రకారం అనువాదం చేసే హక్కు కూడా హక్కుదారుదే. అల్గారిథం మీద, ఆలోచన మీద ఎవరికీ కాపీరైటు ఉండదు, దాన్ని ఎవరైనా తమ మాటల్లో చెప్పుకోవచ్చు. ఒకరి వాక్యాలను వరసగా తెలుగు చేసి పెట్టడం వేరు. మెషీన్‌తో చేసినా, చేత్తో చేసినా అది కాపీయే. ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువదించడానికి మాత్రం అనుమతి ఉంది, ఎందుకంటే అక్కడి పాఠ్యం సీసీ బై-ఎస్ఏ 4.0 లైసెన్సులో (మూలం పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) ఉంటుంది. అప్పుడు కూడా ఏ పేజీ నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో రాయాలి. ఆ ఒక్క లైను రాసేవాళ్ళే అరుదు. ఇంకో సంగతి, "వాణిజ్యేతర వాడకానికి మాత్రమే" అని ఉన్న నోట్సు ఎంత ఉచితంగా దొరికినా దాన్ని తెచ్చి తెవికీలో పెట్టకూడదు. తెవికీ పాఠ్యాన్ని ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు కాబట్టి ఆ రెండు లైసెన్సులకూ పొసగదు.

3. ఆ పేజీలో నిజాయితీగా పనిచేసినవారి శ్రమ కూడా పోతుంది. కాపీ పాఠ్యం తేలినప్పుడు దాన్ని చెరిపేస్తే సరిపోదు, పేజీ చరిత్రలో ఆ పాఠ్యం ఉన్న కూర్పులన్నిటినీ దాచాల్సి వస్తుంది. అతికించిన రోజుకూ పట్టుకున్న రోజుకూ మధ్య ఎవరో వచ్చి అక్షర దోషాలు సరిచేసి ఉంటారు, ఒక బొమ్మ గీసి పెట్టి ఉంటారు, మంచి మూలం ఒకటి చేర్చి ఉంటారు. ఆ కూర్పులు కూడా దాచిన వాటిలోకే వెళ్తాయి. ఇదంతా చేసేది జీతం లేని మనుషులు. కొత్త వ్యాసం రాయాల్సిన ఆదివారం పాత పేజీల్లో దొంగ పేరాలు ఏరుకోవడానికే సరిపోతోంది.

4. అతికించిన విద్యార్థి సంగతి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే శిక్షలు మొదలవుతాయి. 40 శాతం వరకు ఉంటే దిద్ది మళ్ళీ ఇవ్వమంటారు. 40 దాటి 60 వరకు ఉంటే ఒక ఏడాదిపాటు దిద్దిన ప్రతి కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నాలుగేళ్ళపాటు కాపీ కొడితే ఇంటర్నల్ మార్కులు వస్తాయని అలవాటు చేసి, ఆ తర్వాత పరిశోధనలో అదే పనికి రిజిస్ట్రేషన్ రద్దు చేస్తే ఆ పిల్లవాడు ఎవర్ని అడగాలి? పైగా తెవికీ ఖాతా చరిత్ర తేలిగ్గా పోదు. పాఠ్యాన్ని దాచినా, పంతొమ్మిదేళ్ళప్పుడు అతికించారన్న సంగతి పేరుతో సహా అక్కడే ఉంటుంది. చాలామంది పిల్లలు అసలు పేరునే వాడుకరి పేరుగా పెట్టుకుంటున్నారు, వద్దని చెప్పేవాళ్ళు లేరు.

5. తెవికీలో చేరిన తప్పు తెవికీలోనే ఉండిపోదు. సెర్చ్ ఫలితాల్లోకి వెళ్తుంది. పోటీ పరీక్షల మెటీరియల్ అమ్మేవాళ్ళు ఎత్తుకుంటారు. ఏఐ నమూనాలు నేర్చుకునే తెలుగు పాఠ్యంలో వికీపీడియా ఒక ముఖ్యమైన భాగం, అసలే నెట్‌లో తెలుగు తక్కువ. అలా బయటికి వెళ్ళిన తప్పు మళ్ళీ ఇంకో వెబ్‌సైటు రూపంలో తిరిగొచ్చి, తెవికీకే "మూలం"గా నిలబడుతుంది. ఆ దశకు వచ్చాక తప్పని నిరూపించడానికి చాలా పెనుగులాడాలి.

ఇది మన దగ్గరే మొదలైన సమస్య కాదు. వికీమీడియా ఫౌండేషన్ 2011లో పుణెలోని కాలేజీలతో ఇండియా ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్ అని ఒక ప్రయోగం మొదలుపెట్టింది. విద్యార్థులు కోర్సులో భాగంగా ఇంగ్లీషు వికీపీడియాలో రాయాలి. ఇంజనీరింగ్ విద్యార్థులు, డేటా స్ట్రక్చర్ల లాంటి అంశాలు కూడా అందులో ఉన్నాయి. పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి ఎత్తిన పాఠ్యం వరదలా వచ్చి పడింది. ప్రపంచంలోని నానా మూలల నుంచి వాడుకరులు కూర్చుని కడిగినా తరగలేదు. ఆ ఏడాది నవంబరుకల్లా ప్రయోగం ఆపేశారు. మంచి ఉద్దేశం లేక కాదు, డబ్బు లేక కాదు. పేజీలోకి వెళ్ళే ముందు ప్రతి పేరానూ చదివే మనుషుల ఏర్పాటు సరిపోలేదు. ఇంగ్లీషు వికీపీడియాకున్న బలగంతోనే అది కుదరనప్పుడు, ఇటీవలి మార్పులను నిత్యం చూసేవాళ్ళు గుప్పెడు మందే ఉన్న తెవికీ ఎలా తట్టుకుంటుంది? మనకూ అనుభవం ఉంది. గూగుల్ అనువాద పరికరంతో 2009-11 ప్రాంతంలో వచ్చి చేరిన వ్యాసాలను శుద్ధి చేయడానికీ, బాగుచేయలేనివాటిని తొలగించడానికీ తెవికీ సముదాయానికి ఏళ్ళు పట్టింది.

"సాఫ్ట్‌వేర్ ఉంది కదా, చెక్ చేసి పంపుతాం" అని కొందరు అధ్యాపకులు అంటున్నారు. తెలుగు విషయంలో ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంటే మోసపోతాం. కారణాలు చెబుతాను, ఎందుకంటే ఇవి ప్రొఫెసర్లకు కూడా కొత్తగా అనిపిస్తున్నాయి.

మన అచ్చు పుస్తకాలు, పత్రికలు చాలాకాలం అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో తయారయ్యాయి. వాటి పీడీఎఫ్‌లో కంటికి తెలుగు కనిపించినా, లోపల కంప్యూటర్‌కు కనిపించేది అర్థం లేని గుర్తులే. స్కాన్ చేసిన పుస్తకాలైతే ఉట్టి బొమ్మలు. పోలికలు వెతికే ఏ పరికరానికైనా ఆ పుస్తకాలు లేనట్టే లెక్క. చూసి టైపు చేస్తే పోలిక సున్నా శాతం అని రిపోర్టు వస్తుంది. ఇక యూనికోడ్‌లో ఉన్న పాఠ్యంలో కూడా ఒకరు అల్గారిథమ్ అని, ఒకరు అల్గోరిథం అని, ఇంకొకరు అల్గారిదం అని రాస్తారు. అక్షరాలను విడదీసే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే గుర్తు ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. మాట చివర లో, కి, తో, లోని అంటూ విభక్తులు అతుక్కుపోతాయి. వాక్యంలో నాలుగు మాటలు ఇలా మారితే పరికరం దాన్ని కొత్త వాక్యం అనుకుంటుంది. ఇంగ్లీషు నుంచి అనువదించి పెడితే సరేసరి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పరికరం 80 శాతం పోలిక చూపిస్తుంది, చూస్తే ఆ వెబ్‌సైటే తెవికీ నుంచి ఎత్తుకుని ఉంటుంది. ఎవరు ముందో తేల్చాలంటే పేజీ చరిత్రలో ఆ పేరా ఏ రోజు చేరిందో చూడాలి, ఆ వెబ్‌సైటు పాత కూర్పు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఏ తేదీన ఉందో చూడాలి. పేరా ఒక్కసారిగా మొత్తం వచ్చి పడిందా, నెలల తరబడి వాక్యం వాక్యంగా పెరిగిందా అన్నది కూడా సాక్ష్యమే. ఇది మనిషి కూర్చుని చేయాల్సిన పని. ఈ విషయంలో తోటి తెవికీ వాడుకరులకు కూడా ఒక విన్నపం: శాతం చూసి విద్యార్థి మీద దొంగ ముద్ర వేయకండి. చరిత్ర చూశాకే మాట్లాడండి.

సరే, కాపీ తీసేశాక అక్కడ ఏముండాలి? నా అసలు బాధ దీని గురించే. పరిణామ అల్గారిథంలు తెలుగులో చాలా బాగా చెప్పగల విషయం, చేతిలో ఉండి పాడుచేసుకుంటున్నాం.

వస్తున్న వ్యాసాలు దాదాపుగా అన్నీ "డార్విన్ సిద్ధాంతం ఆధారంగా జాన్ హాలండ్ కనిపెట్టాడు" అని మొదలై, ఆరు దశల జాబితా ఇచ్చి ముగుస్తాయి. జెనెటిక్ అల్గారిథం, పరిణామ అల్గారిథం రెండూ ఒకటే అన్నట్టు రాస్తారు. నిజానికి ఇది ఒక పెద్ద కుటుంబం. యంత్రాన్ని పరిణామం తరహాలో నేర్పవచ్చన్న ఊహ 1950లో అలన్ ట్యూరింగ్ రాసిన వ్యాసంలోనే ఉంది. 1960లలో బెర్లిన్‌లో రెకెన్‌బర్గ్, ష్వెఫెల్ గాలి నిరోధాన్ని తగ్గించే ఆకారాల కోసం వెతుకుతూ ఎవల్యూషన్ స్ట్రాటజీలను తయారుచేశారు. అదే దశకంలో అమెరికాలో లారెన్స్ ఫోగెల్ ఫైనైట్ స్టేట్ మెషీన్లను (పరిమిత స్థితులున్న యంత్ర నమూనాలను) మార్చుకుంటూ పోయే పద్ధతి మీద పనిచేశాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో హాలండ్ చేసిన పని 1975లో పుస్తకంగా వచ్చింది. ప్రోగ్రాములనే పరిణామానికి గురిచేసే జెనెటిక్ ప్రోగ్రామింగ్‌కు 1992లో జాన్ కోజా పుస్తకంతో పేరొచ్చింది. ఎవరి దారిలో వాళ్ళు నడిచిన ఈ శాఖలు 1990లలో ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఈ కథ చెప్పకుండా హాలండ్ ఒక్కడి పేరుతో ముగిస్తే మిగతా శాఖలన్నిటికీ అన్యాయం జరుగుతుంది.

రెండో లోపం: ఈ పద్ధతి "అత్యుత్తమ పరిష్కారాన్ని కనుగొంటుంది" అని ధీమాగా రాయడం. హామీ లేదు. మంచి పరిష్కారం దొరకవచ్చు, అంతే. ఎంపిక ఒత్తిడి (మెరుగైనవాటికే అవకాశమిచ్చే మోతాదు) ఎక్కువైతే పరిష్కారాల జనాభా అంతా తొందరగా ఒకే పోలికలోకి వచ్చి, ఓ మోస్తరు పరిష్కారం దగ్గరే ఆగిపోతుంది. మ్యుటేషన్ (యాదృచ్ఛిక మార్పు) మరీ ఎక్కువైతే గుడ్డిగా వెతికినట్టే. అన్ని సమస్యల మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరో దాని కన్నా గొప్పది కాదని వోల్పర్ట్, మెక్రెడీ 1997లో నిరూపించారు. ఆ ఫలితం ప్రస్తావన లేని వ్యాసం అసంపూర్ణం.

మూడోది, మన దేశపు పని కనబడదు. ఖర్చు తగ్గాలి, నాణ్యత పెరగాలి అన్నట్టు ఒకదానికొకటి అడ్డుపడే లక్ష్యాలున్నప్పుడు వాడే ఎన్‌ఎస్‌జీఏ-2 అల్గారిథం ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్‌మయ్ దేబ్ బృందం చేసినది. 2002లో వచ్చిన ఆ పత్రాన్ని ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ప్రపంచమంతటా ఉటంకిస్తారు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే శ్రీరామసాగర్ ప్రాజెక్టు ఉంది. దాని ఆయకట్టులో ఉన్న నీటికి, భూమికి తగ్గట్టు ఏ పంట ఎంత విస్తీర్ణంలో వేస్తే లాభం ఎక్కువో జెనెటిక్ అల్గారిథంతో లెక్కగట్టి కె. శ్రీనివాసరాజు, డి. నగేశ్ కుమార్ 2004లో పత్రం ప్రచురించారు. వచ్చిన జవాబును లీనియర్ ప్రోగ్రామింగ్ అనే గణిత పద్ధతి ఇచ్చే జవాబుతో పోల్చి చూశారు, రెండూ దగ్గరగానే వచ్చాయి. నిజామాబాద్, జగిత్యాల పిల్లవాడికి క్రోమోజోమ్ అంటే పంటల విస్తీర్ణాల వరస అని, ఫిట్‌నెస్ అంటే ఆ పంటల మీద వచ్చే లాభం అని, నీటి లెక్క దాటిన వరసకు లాభంలో కోత పడుతుందని చెబితే ఎంత బాగా ఎక్కుతుంది! దాని బదులు ఎక్కడిదో ట్రావెలింగ్ సేల్స్‌మన్ (ఊళ్ళన్నీ అతి తక్కువ దూరంలో చుట్టిరావడం) ఉదాహరణను పదాలు కూడా మార్చకుండా దించుతున్నారు. నాసా 2006లో పంపిన ఎస్‌టీ5 ఉపగ్రహాల్లో పరిణామ పద్ధతితో రూపొందిన యాంటెన్నా కూడా ఎవరైనా ఆసక్తిగా చదివే సంగతే. వంకర తిరిగిన తీగలా కనిపించే ఆ ఆకారాన్ని ఏ ఇంజనీరూ చేత్తో గీసి ఉండడు.

నాలుగో లోపం గురించి మీతో నిక్కచ్చిగా మాట్లాడాలి. కొందరు పరిశోధకులు తాము ప్రతిపాదించిన అల్గారిథం మీద తామే, లేదా తమ విద్యార్థులతో పేజీలు పెట్టిస్తున్నారు. తోడేలు, తిమింగలం, మిణుగురు, ఇలా ప్రకృతిలో ఏది కనిపిస్తే దాని పేరుతో ఒక కొత్త పద్ధతి వస్తున్న కాలం ఇది. పేరు పక్కన పెట్టి సమీకరణాలు చూస్తే వీటిలో చాలావాటిలో కొత్తదనం తక్కువని కెనెత్ సోరెన్‌సెన్ 2015లో గట్టి విమర్శ రాశాడు. సూరత్‌లోని ఎన్‌ఐటీ నుంచి 2011లో ఆర్. వెంకటరావు బృందం తెచ్చిన టీఎల్‌బీఓ (బోధన, అభ్యాసం తరహాలో పరిష్కారం వెతికే) పద్ధతికి పేజీ ఉండటం సబబే, ఎందుకంటే దాన్ని ఇతరులు విస్తృతంగా వాడారు, చర్చించారు. అయితే 2012లో దాని మీద ప్రచురితమైన విమర్శ కూడా అదే పేజీలో ఉండాలి. తటస్థ దృక్కోణం అంటే అదే. మీ కాలేజీ పత్రికలో ఒకసారి అచ్చయి, ఇంకెవరూ పట్టించుకోని పద్ధతికి విజ్ఞాన సర్వస్వంలో పేజీ ఉండదు.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని మిమ్మల్ని కోరేవి ఇవి:

1. బైట్ల లెక్కకు, పేజీల లెక్కకు మార్కులు వేయడం ఈ సెమిస్టర్ నుంచే ఆపండి. "పదివేల బైట్లు చేర్చాలి" అంటే పిల్లలు ఎక్కడినుంచో తెచ్చి చేరుస్తారు. ఒక వాక్యానికి సరైన మూలం వెతికి పెట్టినందుకు, ఒక తప్పు పట్టి సరిదిద్దినందుకు మార్కులు వేయండి.

2. విద్యార్థులు ముందు తమ ప్రయోగశాల (చిత్తుప్రతి) పేజీలో రాయాలి. మీరు చదివి, ఇది నీకు అర్థమయ్యే రాశావా అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగి, తృప్తి కలిగాకే ప్రధాన పేరుబరిలోకి (అందరూ చదివే వ్యాసాల విభాగంలోకి) పంపాలి. అరవై మంది పేజీలు చదవడం కుదరదంటే, నలుగురైదుగురిని ఒక జట్టు చేసి ఒక్క వ్యాసం రాయించండి. అరవై పనికిరాని పేజీల కన్నా పన్నెండు మంచి పేజీలు మాకు చాలు.

3. అసైన్‌మెంట్ ఇచ్చే ముందే రచ్చబండలో చెప్పండి: ఏ కోర్సు, ఏ అంశాలు, ఏ వాడుకరి పేర్లు, ఎన్నాళ్ళు. మాట్లాడటానికి ఒక అధ్యాపకుడు ఉండాలి. అది మాకు దరఖాస్తు పెట్టుకోవడం కాదు, తప్పు జరిగినప్పుడు ఎవరితో మాట్లాడాలో తెలియడం కోసం.

4. మీ సొంత లెక్చర్ నోట్సు తెవికీలో వాడాలనుకుంటే, ఆ నోట్సు ఉన్న చోటే సీసీ బై-ఎస్ఏ లైసెన్సు అని స్పష్టంగా రాసి పెట్టండి. అది నిజంగా మీరు రాసినదే అయితేనే సుమా. పైన చెప్పిన తప్పు అంకె ఉన్న నోట్సు లాంటిది ఎన్ని చేతులు మారి వచ్చిందో ఎవరికీ తెలియదు.

5. ఇప్పటికే చేరిన పాఠ్యం సంగతి తేల్చండి. గత సెమిస్టర్లలో ఈ అసైన్‌మెంటు చేసిన ఖాతాల జాబితా మాకు ఇస్తే మిగతా పేజీలను అనుమానించే అవసరం తప్పుతుంది. విద్యార్థుల మీద చర్య తీసుకోమని అడగడం లేదు. వాళ్ళు చెప్పినట్టు చేశారు. ఏది ఎక్కడి నుంచి తెచ్చారో నిర్భయంగా చెప్పమనండి, శుద్ధి మేమే చేసుకుంటాం.

6. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్ళకు, తెలుగు అకాడమీలకు: ప్రజల సొమ్ముతో అచ్చయిన తెలుగు సాంకేతిక పుస్తకాలను యూనికోడ్‌లో, వెతకడానికి వీలుగా నెట్‌లో పెట్టండి. పిల్లలకు చదువుకోవడానికి పనికొస్తుంది, ఆ పుస్తకాల నుంచి ఎవరు ఎత్తినా పట్టుకోవడానికీ పనికొస్తుంది. అవి అను ఫాంట్ల ఫైళ్ళలో ఉన్నంతకాలం రెండూ జరగవు.

7. చివరిగా, ఈ రంగంలో పరిశోధన చేసినవారు మీలో చాలామంది ఉన్నారు. పరిణామ అల్గారిథంలు అనే ఒక్క వ్యాసాన్ని మీలో ఒకరు పూనుకుని మొదటి నుంచి రాయండి. చరిత్ర, ఒక చిన్న సమస్యను చేత్తో చేసి చూపే లెక్క, పరిమితులు, మన ప్రాజెక్టుల ఉదాహరణలు, సరైన మూలాలు. వికీ సంకేతాలు, మూసలు, మూలాలు పెట్టడం, బొమ్మలు మేం చూసుకుంటాం. ఆ ఒక్క పేజీ సరిగ్గా ఉంటే, మిగతావి ఎలా ఉండాలో మీ విద్యార్థులకు మీరు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ లేఖను రచ్చబండలో కూడా పెడుతున్నాను. జవాబు అక్కడే ఇవ్వవచ్చు. రాబోయే సెమిస్టర్ అసైన్‌మెంట్లు ఖరారయ్యే లోపు మీ నుంచి మాట రావాలని కోరుతున్నాం. అప్పటికీ ఏ స్పందనా లేకుండా మళ్ళీ అదే తీరులో పాఠ్యం వస్తే, ఆ ఖాతాల నుంచి ప్రధాన పేరుబరిలోకి వచ్చే మార్పులను ఆపమని నిర్వాహకులను అడుగుతాం. రాయాలన్న కోరికతో వచ్చిన పిల్లలు కూడా అందులో ఆగిపోతారని తెలుసు, అందుకే దానికన్నా ముందు మిమ్మల్ని అడుగుతున్నాం.

ఇట్లు,
తెలుగు వికీపీడియా వాడుకరి ఒకరు